కండ్లు తినే డబ్బా

(సిద్దిపేట, 1999. దసరా వెళ్లిన నాలుగో నాడు, మధ్యాహ్నం. ఇస్తారి ఇంట్లో అతని తల్లి ఐలవ్వ, తొమ్మిదో తరగతి చదువుతున్న అతని బిడ్డ సులోచన. వాళ్ల ముందు ఒక పాత కంప్యూటర్.)

“మల్లొక్కసారి నొక్కు.”

“నొక్కిన గద, నాయినమ్మా.”

“ఇంకొక్కసారి. నా మొకం జూసి నొక్కు.”

“ఎన్నిసార్లు నొక్కినా గంతే. అద్దం నల్లగనే ఉంటది.”

“అగో, మల్ల అరుస్తున్నది! బంద్ చెయ్యి, బంద్ చెయ్యి! వద్దు బిడ్డా, ఇగ దాన్ని ముట్టకు.”

“బంద్ చేసిన.”

“తీగె గూడ పీకు.”

“పీకిన. గింత భయమైతే నొక్కుమని ఎందుకంటున్నవు?”

“భయం గాకుంటే ఏమైతది? దసరా నాడు పొద్దుగాల దాన్క బాగనే ఉండె. నేను బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నాలుగు చుక్కల నీళ్లు సల్లిన. మాపటి సంది ఇదే అరుసుడు. కీక్... కీక్... కీక్... నన్ను పేరు పెట్టి పిలుస్తున్నట్టే ఉన్నది.”

“నీ పేరు ఐలవ్వ. కీక్ కాదు.”

“నవ్వుతున్నవా? నా పానం గుంజుకపోతుంటే నీకు నవ్వొస్తుందా?”

“నవ్వుతలేను.”

“మగ్గానికి సల్లుతం గద, దీనికెందుకు సల్లొద్దు? పనిముట్టన్నంక పనిముట్టే. నలభై ఏండ్లు సల్లిన. మగ్గం ఒక్కనాడన్న అరిచిందా?”

“మగ్గానికి కరెంటుండదు, నాయినమ్మా.”

“గా ముచ్చట గప్పుడే చెప్పకపోతివి?”

“నేను తానం చేస్తున్న.”

“నువ్వు తానంల ఉన్నవు. మీ అమ్మ బీడీల బుట్ట ముంగటేసుకున్నది. మీ నాయిన జమ్మి కోసం పోయిండు. అందరు మంచోళ్లే. తప్పు చేసింది ఒక్క ఐలవ్వనే.”

“తప్పు నీదని ఎవరన్నరు?”

“అనాల్నా? నిన్న మీ నాయిన ఇంట్ల లేకుండె, పొద్దంత వడియాల లెక్క దాన్ని ఎండల పెట్టిన. కాకులు వాలకుంట కావలి కూసున్న. ఆరిందా? ఆరలే. ఇగ ఒక్కటే ఉన్నది. కుంపట్ల నిప్పులేసి కింద పెడదాం. వెచ్చగైతే...”

“వద్దు! నిప్పులొద్దు నాయినమ్మా, నీ కాళ్లు మొక్కుత, వద్దు!”

“ఏందే, గట్ల ఉలిక్కిపడ్తివి?”

“కాలిపోతది. లోపల పలుచని తీగెలుంటయి.”

“మరేం చెయ్యమంటవు? నాలుగు గంటలకు రామేశ్వర్ సారొస్తడు. ఆరింటికి మీ నాయిన మల్ల పనికి భీవండి బస్సెక్కుతడు. సారు దీన్ని వాపసు తీస్కుంటేనే మీ నాయిన నిమ్మళంగ పోతడు. చెడిపోయినదాన్ని సారెందుకు తీస్కుంటడు?”

“తీస్కోడు.”

“గంత తాపీగ అంటున్నవేందే?”

“తాపీగ ఏం అంటలేను. ఉన్నది అంటున్న. ఇయ్యాల వద్దని చెప్దాం. వచ్చే నెల రమ్మందాం.”

“వచ్చే నెలదాన్క కోహెడోళ్లు ఆగుతరా? సారు కాడ కంప్యూటర్ నేర్చుకునే పోరని తండ్రి అట, పాతదుంటే ఇయ్యిమని అడుగుతుండట. ఎండకాలంల మనకు ఎట్ల అగ్గువకిచ్చిండో, గట్లనే ఇస్తడట. వాపసు తీస్కుంట అన్నదే సారు మంచితనం. నేను గా మంచితనం మీద కొబ్బరినీళ్లు పోసిన.”

“నాయిన కొడ్తడా నిన్ను?”

“థూ! నన్నెందుకు కొడ్తడు? కొట్టడు, తిట్టడు. గోడ దిక్కు తిరిగి పంటడు. గదే నాకు భయం. వాడు గోడ దిక్కు తిరిగి బస్సెక్కితే, మల్ల వచ్చేదాన్క నాకు బువ్వ దిగదు.”

“మరి వాపసు ఇయ్యిమని నువ్వే గదా నాయినకు చెప్పింది.”

“చెప్పిన. చెప్పకుంటే ఏం చెయ్యాలె? నీ కండ్లల్ల నీళ్లు. నీకు తలకాయ నొప్పి. రెండు కండ్లు చికిలించుకుంట తిరుగుతున్నవు. పక్కింటి పోశమ్మత్త చూడంగనే చెప్పింది. గా అద్దంల వెలుగు కండ్లను తింటదట.”

“పోశమ్మత్తకేం తెలుసు? ఆమె ఇంట్ల టీవీ గూడ లేదు.”

“లేదు గాబట్టే ఆమె కండ్లు మంచిగున్నయి. బియ్యంల రాళ్లు ఏరుతది యాభై ఏండ్లకు గూడ.”

“నాయినమ్మా, నేను ఇప్పుడు దగ్గర కూసుంట లేను గదా. నువ్వు సుద్దముక్కతోని కింద గీత గీసినవు. గీత దాటనే దాటలే. వట్టు.”

“ముందుగాల ముక్కు ఆనిచ్చే కూసున్నవు గద, ముద్దు పెట్టుకున్నట్టు. మీ తాత గూడ గట్లనే. పోగుకు ముక్కు ఆనిచ్చి నేసెటోడు. జర దూరంకెల్లి మనిషి పోతే ఎవరో తెల్వకపోవు. సొంత బామ్మర్దిని పట్టుకొని ‘ఎవరు బిడ్డా మీరు, ఏ ఊరు’ అన్నడు. ఊరంత నవ్విన్రు.”

“ఎన్నోసారి చెప్తున్నవు గీ ముచ్చట?”

“యాదికుండాలని చెప్తున్న. మగ్గం కండ్లు తింటది. మా నాయిన కండ్లు తిన్నది, మీ తాతయి తిన్నది. నేను ఊకున్ననా? దుబ్బాకల మంది అందరు చూస్తుండంగ రెక్క పట్టి మగ్గం మీంచి దించిన. పన్నెండేండ్లు అరుగు మీద కూసోవెట్టి బువ్వ వెట్టిన. గందుకే ఉన్న చూపన్న మిగిలింది ఆయనకు. లేకుంటే గుడ్డోడై పోవు. నిన్ను గట్ల కానియ్య.”

“తాత ఏమన్లేదా?”

“ఏమంటడు? మొగోడు, కోపానికొచ్చిండు. రెండొద్దులు బువ్వ తినలే. తర్వాత ఊకున్నడు.”

“మల్ల మాట్లాడిండా?”

“మాట్లాడెటోడు. తక్కువ మాట్లాడెటోడు. గీ ముచ్చట్లు ఎందుకిప్పుడు? సందుల ఎవరో వస్తున్నరు, చూడు.”

“అమ్మ వస్తుంది. బీడీలు ఇచ్చి వస్తున్నట్టుంది.”

“ఏంది?”

“అమ్మ... కాదా?”

“పాయింటు ఏసుకున్న మొగోడు నీకు మీ అమ్మ లెక్క కనవడ్తుండా? సారు గదనే!”

“ఎండ మొకం మీద కొడ్తున్నది, నాయినమ్మా.”

“అయ్యో, వచ్చిండు. నాలుగు గాకముందే వచ్చిండు. గా పసుపు తుడువు. పీసు తియ్యి, కొబ్బరి పీసు! నేను మాట్లాడుత, నువ్వు నోరు తెరవకు. రా సారూ, రా, కూసో. మంచినీళ్లు తాగుతవా?”

“వద్దవ్వా. ఆటో మూల మీద ఆపి వచ్చిన, తీస్కొని పోత. ఇస్తారన్న లేడా?”

“బస్టాండు కాడికి పోయిండు, టికెటు కోసం. వస్తడు. తీస్కపో సారూ, గట్లనే తీస్కపో. దుప్పట్ల కట్టి ఇస్త.”

“ఒక్కసారి నడిపించి చూసి తీస్కపోత అవ్వా. కోహెడోళ్లకు మాటియ్యాలె గద.”

“నడుస్తది సారూ. ఎందుకు నడవదు? నడిచీ నడిచీ అలిసిపోయిందేమో, ఇప్పుడైతే జర పండుకున్నది.”

“పండుకున్నదా?”

“నాయినమ్మా...”

“నువ్వాగు.”

“తీగె పెట్టు సులోచనా. నేను చూస్త. పెట్టు బిడ్డా. భయమెందుకు?”

“పెట్టిన సార్.”

“కీక్... కీక్... ఊఁ. అద్దం నల్లగ. ఎన్నొద్దుల సంది గిట్లున్నది?”

“ఇయ్యాల్నే సారూ. ఊకెనే. ఎవరూ ఏమన్లే దాన్ని.”

“నీళ్లు పడ్డయా అవ్వా?”

“నీళ్లా? నీళ్లెందుకు పడ్తయి? ఇంట్ల తాగనీకే నీళ్లు లేవు.”

“మరి గీ డబ్బా మీద కుంకుమ? గీ సందుల కొబ్బరి పీసు?”

“సారూ, నీ కాళ్లు మొక్కుత. కడుపుల పెట్టుకో. ముసల్దాన్ని, తెలివి లేదు. మగ్గానికి చేసినట్టే చేసిన. నా కొడుకుకు చెప్పకు. వాడు ఆరింటికి పోతడు. పోయినంక నీకు ఏం కావాల్నో నేనే తెచ్చిస్త. నా చెవుల కమ్మలున్నయి...”

“అవ్వా, అవ్వా! లే, కింద కూసోకు. కమ్మలెందుకు? మా ఇంట్ల మా అమ్మ గూడ దసరాకు టైపుమిషను మీద నిమ్మకాయ కోసింది. ఆగు. గీ అరుపు నీళ్ల అరుపు కాదు.”

“మరి దేని అరుపు? అమ్మవారిదా?”

“నాలుగు మరలు ఊడదీస్తే తెలుస్తది. సులోచనా, దీపం జర ఇటు పట్టు. గట్ల ఎనుకకు జరుగుతున్నవేంది?”

“జరుగుతలేను సార్.”

“పోరి సుత భయపడ్డది సారూ. నాలుగొద్దుల సంది సరిగ బువ్వ తింటలేదు. నా తప్పుకు అదెందుకు భయపడాలె?”

“చూడవ్వా, లోపల ఎంత పొడిగున్నదో. నీ కొబ్బరినీళ్లు ఒక్క చుక్క దిగలే. దుమ్ము గూడ అట్లనే ఉన్నది.”

“దిగలే? మైసమ్మ తోడు, దిగలే?”

“దిగలే. కని గీడ ఒక పట్టీ ఉండాలె. వేలంత పొడుగు, పచ్చగ ఉంటది. దాన్నే మెమరీ అంటరు. గది లేకుంటే మిషను గిట్లనే అరుస్తది, అద్దంల ఏం రాదు. పట్టీ లేదు.”

“లేకపోవుడేంది? దొంగలు పడ్డరా? తలుపుకు గొళ్లెం పెట్టే ఉంటది గద!”

“దొంగలు డబ్బా మొత్తం ఎత్తుకపోతరు గని, మరలు విప్పి, పట్టీ తీసి, మల్ల మరలు బిగించి పోరు. అవ్వా, ఎండకాలంల నేను దీన్ని దుమ్ము దులుపనీకి వచ్చిన యాదికున్నదా? గా పట్టీ పీకి, పెన్సిలు చెరిపే రబ్బరుతోని రుద్ది, మల్ల పెట్టిన. పక్కపొంటి కూసొని ఒకరు అన్ని అడిగిన్రు. ఇది తీస్తే ఏమైతది సార్, మల్ల పెడితే వస్తదా సార్, అని. ఎవరు, సులోచనా?”

“నా జామెట్రీ బాక్సుల ఉన్నది సార్.”

“ఏంది? ఏముంది జామెట్రీల?”

“నాయినమ్మా, కోప్పడకు.”

“నువ్వు తీసినవా? నాలుగొద్దుల సంది నువ్వు... నేను ఎల్లమ్మకు మొక్కిన! కోడిని ఒప్పుకున్న! రాత్రంత కన్ను మూయలే, ఇంటి మీదికి ఏం తెచ్చిన్నో అని. నిన్న ఎండల కాకులను కొట్టుకుంట కూసున్న, నువ్వు చూసుకుంట పోయినవు!”

“నువ్వు నీళ్లు సల్లిన తర్వాతనే తీసిన. అప్పుడు నువ్వే అనుకున్నవు నీళ్లతోని అయ్యిందని. నేను చెప్పలే. చెప్దామనుకున్న. నాయిన బస్సెక్కినంక చెప్దామనుకున్న.”

“ఆటలాడనీకి గింత దొంగతనమా? మీ నాయిన భీవండిల రాత్రిపూట పని చేసి కొనిచ్చిండు. నీ కండ్లు పోతయని వాపసు ఇస్తుండు. ఆయినకు గింత ప్రేమ ఉంటే, నీకు గింత కూడ...”

“ఆటలు కాదు!”

“ఆగవ్వా. తిట్టకు. సులోచనా, పట్టీ ఇటియ్యి. ఊఁ... కూసున్నది. ఇగ చూడు అవ్వా, అరుస్తదా?”

“...అరుస్తలేదు.”

“అద్దం వెలిగిందా? ఇగో. బడి పనా బిడ్డా ఇది? సైన్సు పాఠం? తెరుస్త. ఓ! గిదేంది?”

“ఏమైంది సారూ? చెడిపోయిందా?”

“చెడిపోలే. అచ్చరాలు చూడు అవ్వా. ఒక్కొక్కటి నిమ్మకాయంత. తెర నిండ నాలుగు మాటలే పట్టినయి. పాఠమంత గిట్లనే రాసింది. ఎందుకమ్మా గింత పెద్దగ?”

“గీత ఉన్నది గద సార్. నాయినమ్మ గీసింది. గీత కాడికెల్లి కనవడాలంటే గంత పెద్దగ పెట్టాలె.”

“నేను గీత కాడికెల్లి చూస్తే మామూలు అచ్చరాలే కనవడ్తయి.”

“మీకు అద్దాలున్నయి సార్.”

“బడిల ఏ బెంచీల కూసుంటవు?”

“మూడో బెంచీ.”

“బోర్డు?”

“...రాజేశ్వరి నోటు బుక్కుల చూసి రాసుకుంట.”

“బోర్డు కనవడ్తదా, సులోచనా?”

“బోర్డు కనవడ్తది సార్. నల్లగ. మీది అచ్చరాలు కనవడయి.”

“అయ్యో... అయ్యో నా తల్లీ! తిన్నది! నేనంటనే ఉన్న, తిన్నది నీ కండ్లను! తీస్కపో సారూ, ఇప్పుడే తీస్కపో. ఊకె తీస్కపో. ఒక్క పైస గూడ వద్దు!”

“గిది తినలే నాయినమ్మా! అయిదో తరగతి సంది గిట్లనే ఉన్నది నాకు. ఇది ఎండకాలంల గద వచ్చింది! బడిల కంప్యూటర్ ఒక్కటే, అయిదుగురం కూసోవాలె. నేను ఎనుక పడ్త. ఎనుకకెల్లి నాకు తెల్లగ మెరిసుడు తప్ప ఏం తెల్వది. బడి సారు అడిగితే చెప్పనీకి రాదు. అందరు నవ్వుతరు. ఇంట్ల ఇది వచ్చినంకనే, ముక్కు ఆనిచ్చి, నా అంతట నేను చదువుకుంటున్న. గిది పోతే నాకేం లేదు.”

“అయిదో తరగతి సంది? నాలుగేండ్లు? ఎందుకు చెప్పలేదే, పాపిష్టిదాన?”

“చెప్తే దించుతవని.”

“ఏంది?”

“తాతను మగ్గం మీంచి దించినట్టు నన్ను బడిల నుంచి దించుతవని. అరుగు మీద కూసోవెడ్తవని. రోజు చెప్తవు గద గా ముచ్చట.”

“అవ్వా, ఏం భయం లేదు. సులోచనా, ఇటు రా. నా అద్దాలు పెట్టుకో.”

“వద్దు సారూ! మందివి పెట్టుకుంటే ఉన్నయి గూడ పోతయి!”

“ఒక్క నిముషం పెట్టుకుంటే ఏం పోవు. నావి సోడా బుడ్డి అద్దాలు, ఆమె నంబరుకు కలుస్తయో లేదో. నన్ను గూడ మా సారు రెండేండ్లు మొద్దోడని ఎనుక బెంచీల కూసోవెట్టిండు అవ్వా. పెట్టుకో బిడ్డా. చెవులకు తలిగిచ్చు. ఆఁ. ఇగ వాకిట్లకు చూడు. ఏమన్న కనవడ్తుందా?”

“నాయినమ్మా.”

“ఏందే? మంటనా? తియ్యి, తియ్యి!”

“ఎదురింటి గోడ మీద అచ్చరాలున్నయి.”

“మనం గీ కిరాయింటికి వచ్చిన కాడికెల్లి ఉన్నయి. ఏముంటే నీకేంది?”

“ఇచ్... ఇచ్చట... మూత్రము... పోయరాదు. ఇచ్చట మూత్రము పోయరాదు! నాయినమ్మా, నేను రోజు గా గోడ పక్కపొంటే బడికి పోత. గది సున్నం మరకనుకున్న.”

“నిజంగనే చదివిందా సారూ? నోటికి వచ్చింది అంటలేదు గద?”

“అచ్చరం తప్పు పోలే అవ్వా.”

“ఇటు చూడు, ఇటు. నేను కనవడ్తున్ననా?”

“కనవడ్తున్నవు. అబ్బ, నాయినమ్మా, నీ మొకం మీద గిన్ని ముడుతలున్నయా!”

“ఉండవా? నీ అసొంటోళ్లు ఇంట్ల ఉంటే ఎన్ని ముడుతలైనా ఉంటయి.”

“ఇగ ఏడవకవ్వా. నేను డాక్టరును కాను గని, గిది మాత్రం నాకు ఎరుకైన బీమారే. రేపు పెద్ద దవాఖానకు తీస్కపోన్రి. కండ్ల డాక్టరు చూసి చీటీ రాసిస్తడు. వారంల అద్దాలొస్తయి. కంప్యూటర్ ఈడనే ఉండని. కోహెడోళ్లకు ఇంకోటి చూస్త. ఇస్తారన్న వచ్చేదాన్క కూసుంట, నేనే చెప్త.”

“పట్టీ సంగతి చెప్పకున్రి సార్.”

“ఏ పట్టీ? నాకైతే కొబ్బరి పీసు గూడ కనవడలే. నా అద్దాలు నీ కాడ ఉన్నయి గద.”

“నాయినమ్మా, వింటున్నవా? ఉంటదట. వాపసు పోదట. నాయినమ్మా?”

“ఊఁ.”

“కోపమా? గా కోడి మొక్కు నేనే తీరుస్త. మొక్కు నాదే.”

“సారూ, ఒక్కటి అడుగుత.”

“అడుగు అవ్వా.”

“దగ్గరిది కనవడి, దూరందే కనవడకపోతే... సందుల పోయే మనిషి ఎవరో తెల్వకపోతే... గది గూడ ఇదే బీమారా?”

“ఎక్కువమందికి ఇదే ఉంటది.”

“దగ్గరిది పోదా?”

“అంత జల్ది పోదు అవ్వా. అద్దాలు లేకున్నా దగ్గరి పని చేసుకోవచ్చు. జర ముక్కు ఆనియ్యాలె, గంతే.”

“పని చేస్తే ఎక్కువ గాదా? దించకుంటే, ఉన్నది గూడ పోదా?”

“దించుడెందుకు? దేని మీంచి?”

“నాయినమ్మా... ఇటు చూడు. మల్ల ఎందుకు ఏడుస్తున్నవు? అన్ని మంచిగనే అయినయి గద.”

“ఆయినకు పోగు కనవడ్తుండెనే, సులోచనా. ‘కనవడ్తున్నదే, నన్ను నేయనియ్యే’ అనుకుంట నా చెయ్యి పట్టుకున్నడు. ఇడిపిచ్చుకొని దించిన.”